రేకు ఉరుము

ఆ ఉదయం కోడలు వేసిన పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పంతా దాన్ని తీసుకెళ్ళి తాతయ్య చేతిలో పెట్టడంలోనే ఉంది.

ఆ ఇంట్లో ఆడపిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు. పెద్దపిల్లకు రెండేళ్ళ కిందట జబ్బు చేసి ఏడాదిపాటు మంచం దిగలేదు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే వాళ్ళమ్మ ఉద్యోగానికి సెలవు పెట్టి, మంచం పక్కనే స్టూలు వేసుకుని పాఠాలు చెప్పింది. జబ్బు తగ్గింది గాని పాఠాలు తగ్గలేదు. బళ్ళో మూడేళ్ళు కూర్చుని మూడు మాటలు మాట్లాడని పిల్ల, ఇంట్లో ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి అందరినీ కాల్చుకు తినడం మొదలుపెట్టింది. సెలవు కాస్తా రాజీనామా అయింది. ఆరేళ్ళ చెల్లెలు బుడంకాయ కూడా అదే బల్ల దగ్గర చేరింది.

అయితే ఇంటి చదువుకు ఏటేటా కొత్తగా అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఇచ్చే ఇన్‌స్పెక్టరమ్మ ఆ రోజు పదకొండు గంటలకు స్వయంగా వచ్చి చూస్తానని ఉత్తరం రాసింది. ఆవిడకు నచ్చకపోతే సోమవారం నుంచి పిల్లలిద్దరూ వీధి చివరి బళ్ళో చేరాల్సిందే.

ఆ వారమంతా జ్ఞానేంద్రియాల పాఠం నడుస్తోంది. సోమవారం కన్ను అయింది. మంగళవారం ముక్కు. మూతలు బిగించిన సీసాల్లో సబ్బు, వెనిగరు, బూటు పాలిష్ వాసన చూసి పేర్లు చెప్పారు. బుధవారం నాలుక. ఉప్పునీళ్ళు ఒక చుక్క, నిమ్మరసం ఒక చుక్క వేయించుకున్న బుడంకాయ, పంచదార నీళ్ళను మాత్రం "ఇంకా నమ్మకం కుదర్లేదమ్మా" అంటూ పదకొండుసార్లు పరీక్షించింది. ఇవాళ గురువారం, చెవి. రేపు చర్మం.

"మావయ్యా, ఆవిడకి అన్నీ మూడేసి కాపీలు కావాలట. జిరాక్సు తీయించుకుని వచ్చేస్తాను" అంది కోడలు, ఫైళ్ళు సంచిలో సర్దుకుంటూ. "ఈలోగా పిల్లలకి కళ్ళకి గంతలు కట్టి, మూడంటే మూడు చప్పుళ్ళు వినిపించండి చాలు. గంట, గడియారం, గ్లాసులో నీళ్ళు. ఏది ఏమిటో వాళ్ళు చెప్పాలి."

"అంతేనా?"

"అంతే మావయ్యా. మీరేదో చేస్తారని కాదు గానీ... అంతే."

"అంతే అంటే అంతే" అన్నాడు తాతయ్య గంభీరంగా.

ముప్ఫై నాలుగేళ్ళు రేడియోలో చప్పుళ్ళు చేసి బతికిన మనిషికి ఒక గంటా ఒక గడియారం అప్పగించి వెళ్ళడం అంటే, వెయ్యిమందికి వండిన చేతికి గ్లాసుడు నీళ్ళు కాచమని గిన్నె ఇచ్చినట్టే. గంట మోగింది. గడియారం టిక్కుమంది. నీళ్ళు ఒలికాయి. పిల్లలు మూడూ చెప్పేశారు. అంతా కలిసి రెండు నిమిషాలు పట్టింది.

"ఇంకా?" అంది పెద్దపిల్ల, కళ్ళగంతల వెనక నుంచి.

"ఇంకా ఏం లేవమ్మా. అంతే."

"ఇవి చాలా తేలిక తాతయ్యా. గంట గంటలాగే ఉంది" అంది బుడంకాయ నిరాశగా.

ఆ మాట తాతయ్యకు ఎక్కడో తగిలింది. ఆయన వృత్తిలో గంట గంటలా ఉండడం గొప్ప కాదు. వానలో వాన ఉండదు, మంటలో మంట ఉండదు. జల్లెడలో ఎండుబఠాణీలు తిప్పితే వాన. పలచని రేకు ఊపితే ఉరుము. మైనపు కాగితం నలిపితే మంట. రబ్బరు తొడుగులు టపటపలాడిస్తే పావురాల గుంపు. పాత పేము కుర్చీలో అటూ ఇటూ ఒరిగితే నది మధ్యలో పడవ. అప్పట్లో నాటకాలన్నీ అప్పటికప్పుడే గాల్లోకి వెళ్ళిపోయేవి. తప్పు జరిగితే వెనక్కి తిప్పడం లేదు. గది తలుపు మీద ఎర్ర లైటు వెలిగిందంటే అధికారి అయినా సరే బయటే నిలబడాలి. ఒకసారి ఎవరో నటుడికి దగ్గు వస్తే, తాతయ్య వెంటనే కుంపటి ఊదుతున్న చప్పుడు చేసి, ఆ దగ్గును పొగ ఖాతాలో వేసేశాడు. లోపల ఏ అనుకోని చప్పుడు వచ్చినా కథలో కలిపేసుకోవాలి గాని కథ ఆపకూడదు. అది ఆయన నేర్చుకున్న మొదటి పాఠం.

ఆ గదిలోనే బామ్మ పరిచయమైంది. మైకు ముందు ఆవిడ గొంతు, మైకు వెనక ఆయన రేకు. "మీ ఉరుము నా మాట కన్నా అరక్షణం ముందొచ్చింది" అన్నది ఆవిడ ఆయనతో అన్న మొట్టమొదటి మాట. ఆ తరవాత నలభై ఏళ్ళపాటు అంటూనే వచ్చింది. ఆరేళ్ళుగా మాత్రం అనడం లేదు. ముందు కాలింగ్ బెల్లు వినపడ్డం మానేసింది, తరవాత ఫోను, ఆ తరవాత ఆయన. చెవి యంత్రం కొనిపెడితే, "అందరూ నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అని సొరుగులో పడేసింది. చెవిటివాడి ముందు శంఖం అనే సామెతను ఎవరైనా వాడితే తాతయ్య ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయేవాడు. చప్పుళ్ళ ట్రంకు పెట్టె అప్పుడే అటక ఎక్కింది. మెచ్చుకున్నా తిట్టినా ఆవిడే. ఆవిడ వినకపోయాక ఆ చప్పుళ్ళు ఎవరికోసం?

"గంట గంటలాగే ఉందా?" అన్నాడు తాతయ్య, నిచ్చెన గోడకు ఆనిస్తూ. "ఉండండి చెబుతా."

ట్రంకు పెట్టె దిగింది. మూత తీయగానే పాత జిగురు, తుప్పు, తోలు కలిసిన వాసన గుప్పున కొట్టింది. చుట్టచుట్టిన మనిషంత ఎత్తు రేకు, జల్లెడ, రబ్బరు తొడుగులు, ఒక బొమ్మ తలుపు, దానికి నిజం గడియ, నిజం కీచుమనే బందు, బరువైన తోలుబూట్లు ఒక జత. అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తాతయ్య వీధి తలుపు బయటి పిడికి ఒక ఎర్రగుడ్డ కట్టి, లోపలి నుంచి తాళం వేసి వచ్చాడు.

"అదేంటి తాతయ్యా?"

"ఎర్ర లైటు. ఇక ఎవరూ లోపలికి రాకూడదు."

కింది వాటాలో టైలరమ్మ మధ్యాహ్నానికి ఇవ్వాల్సిన కోటుకు చేయి కుడుతోంది. పెరట్లో తీగ మీద ఉతికిన లైనింగు గుడ్డలు ఆరుతున్నాయి. ఉన్నట్టుండి పైన సన్నగా జల్లు మొదలైంది. చూస్తుండగానే జోరందుకుంది. ఆపైన ఫెళఫెళమని ఒక ఉరుము. కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి. టైలరమ్మ ఉలిక్కిపడి, కాలు మిషను మీద ఉండగానే లేచింది. కోటు చేయి తిన్నగా వెళ్ళి జేబుకు కుట్టుకుపోయింది. ఆవిడ పెరట్లోకి పరిగెత్తి గుడ్డలన్నీ గుండెలకు హత్తుకున్నాక తలెత్తి చూస్తే, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

"బాబాయిగారూ! పైన పైపేమైనా పగిలిందా?" అని అరిచింది.

కిటికీలోంచి పిల్లల నవ్వు వినిపించింది.

"చూశారా! కన్ను ఎండ చూస్తూనే ఉంది, అయినా చెవి వానే అంది. చెవిని నమ్మించగలిగితే మనిషి మొత్తం వెనకే పరిగెత్తుకొస్తాడు" అన్నాడు తాతయ్య. ఆయన మొహం ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయింది. పొగడ్త దొరికిన కళాకారుణ్ణి ఆపడం ఎవరి తరం? చేతులకు బూట్లు తొడుక్కుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కీచుమంటూ బొమ్మ తలుపు తెరుచుకుంది. ధన్, ధన్, ధన్ అని ఒక భారీ మనిషి గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాడు. ఆగాడు. మళ్ళీ నడిచాడు.

కింద టైలరమ్మ కోటు చేతిని జేబులోంచి విప్పుతూ ఆగిపోయింది. పైవాళ్ళ అబ్బాయి పొద్దున్నే పనికి వెళ్ళాడు. కోడలు సంచితో వెళ్ళడం తను చూసింది. పెద్దాయన రబ్బరు చెప్పులు తప్ప ఇంకొకటి తొడగడు. మెట్ల పక్కనే కూర్చున్న తన కన్నుగప్పి పైకి ఎవరూ వెళ్ళలేదు. అంటే బూట్లవాడు రాత్రే దూరి దాక్కుని ఉండాలి! ఆవిడ మెడలో టేపుతోనే వీధి దాటి, ఎదురుగా కొట్లో ఉన్న తాళాల మేస్త్రి దగ్గరికి పరిగెత్తింది.

"మేస్త్రీ! పైవాళ్ళింట్లో ఎవడో దూరాడు. బూట్లేసుకున్నాడు!"

"నువ్వు చూశావా అక్కా?"

"చూసేదేముంది, నా నెత్తి మీదే నడుస్తున్నాడు!"

మేస్త్రికి తాళాలు తీయడం వచ్చు గాని దొంగలను పట్టడం రాదు. అయినా అక్క ముందు మేకపోతు గాంభీర్యం తెచ్చుకుని, ఒక ఇనప కమ్మీ చేతబట్టి బయల్దేరాడు. దారిలో దాన్ని రెండుసార్లు అక్కకు ఇవ్వబోయాడు.

పైన ఇంతలో వంటింట్లోంచి బామ్మ వచ్చింది. చేతిలో తరగబోతున్న క్యారెట్లు. హాలు నిండా పరిచిన సామాను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తాతయ్య దొంగతనం చేస్తూ దొరికినవాడిలా బూట్లు వెనక్కి దాచుకున్నాడు.

"పిల్లల పాఠం కోసం..." అని చేత్తో సైగ చేశాడు.

బామ్మ క్యారెట్లు పక్కన పెట్టింది. వచ్చి రేకు దగ్గర నిలబడింది. దాన్ని చూసిందే గాని ముట్టుకోలేదు. పెద్దపిల్ల గంత పైకి జరుపుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. రేకు ఉరిమినప్పుడు దాని అంచు పట్టుకున్న తన వేళ్ళు కూడా ఉరిమిన సంగతి ఆ పిల్లకు గుర్తుంది. లేచి వెళ్ళి, బామ్మ అరచేయి తెచ్చి రేకు మీద పరిచింది.

"ఇప్పుడు కొట్టు తాతయ్యా."

తాతయ్య రేకు ఊపాడు. ముందు దూరంగా, ఊరవతల ఎక్కడో. తరవాత దగ్గరగా. బామ్మ భుజాలు ఒక్కసారి కదిలాయి. కళ్ళు మూసుకుంది. రేకు నిశ్శబ్దమయ్యాక కూడా చేయి తీయలేదు.

"ఇది వంతెన నాటకంలో ఉరుము" అంది నెమ్మదిగా. "ఇప్పుడు కూడా అరక్షణం ముందే వచ్చింది."

తాతయ్య ముక్కు చీదుకున్నాడు. ఆ చప్పుడును ఆయన దేని ఖాతాలోనూ వేయలేకపోయాడు.

ఆ తరవాత ఎవరు ముందు అడిగారో, ఎవరు ఒప్పుకున్నారో పిల్లలకు కూడా గుర్తు లేదు. వంతెన నాటకం మొదలైంది. వంతెన కాపలాదారు ఊళ్ళో ఉండడు. వాడి భార్య ఒక్కతే రైలుకు దీపం చూపించాలి. దీపం ఆర్పడానికి పగవాడు గొడ్డలితో వస్తాడు. కథ అంతే. పగవాడి వేషం వేసిన నటుడు పోయి పదేళ్ళయింది కాబట్టి ఆ గొంతూ తాతయ్యే ఎత్తుకున్నాడు. గొడ్డలి దెబ్బలకు విరవడానికి బామ్మ క్యారెట్లు ఉన్నాయి. ఇద్దరు పిల్లలకూ మళ్ళీ గంతలు బిగించి, ఇసుక డబ్బా ఇచ్చి, రైలు బాధ్యత అప్పగించారు.

తన గొంతు తనకే వినపడని మనిషి ఎంత గట్టిగా అరుస్తుందో చెప్పడం కష్టం. అందులోనూ ఆవిడ అరుపులో శిక్షణ పొందిన మనిషి.

"వద్దు! ఆ గొడ్డలి కింద పెట్టు! లోపల పసిపిల్లలున్నారు!"

మెట్ల మధ్యలో ఉన్న టైలరమ్మ, మేస్త్రి ఒకేసారి రెండు మెట్లు కిందికి దిగారు. సరిగ్గా అప్పుడే వాళ్ళ వెనక నుంచి గొడుగు, నల్ల సంచి పట్టుకున్న ఒకావిడ, "ఇంట్లోనే పిల్లలకి చదువు చెప్పే ఇల్లు ఇదేనా అండీ?" అని అడిగింది. పదకొండింటికి రావాల్సిన ఇన్‌స్పెక్టరమ్మ ఇరవై నిమిషాలు ముందొచ్చింది.

"ఇదేనండీ. కానీ ఇప్పుడు వెళ్ళకండి" అంది టైలరమ్మ, చేతులు అడ్డం పెడుతూ. "లోపల నరుకుతున్నాడు."

"ఎవరు?"

"తెలీదండీ. బూట్లేసుకున్నాడు."

ఇన్‌స్పెక్టరమ్మ పాతికేళ్ళుగా బళ్ళు తనిఖీ చేస్తున్న మనిషి. తాటాకు చప్పుళ్ళకు బెదిరే రకం కాదు. గొడుగు కత్తిలా పట్టుకుని నేరుగా తలుపు దగ్గరికి వెళ్ళింది. పిడికి ఎర్రగుడ్డ వేలాడుతోంది. దాన్ని చూసి మేస్త్రి కమ్మీని మళ్ళీ అక్కకు ఇవ్వబోయాడు. ఆవిడ మూడుసార్లు తలుపు బాదింది.

"తాతయ్యా, ఎవరో కొడుతున్నారు" అంది లోపల పెద్దపిల్ల.

"ష్! ఎర్ర లైటు వెలుగుతోంది" అని గుసగుసలాడి, తాతయ్య పాత అలవాటు కొద్దీ ఆ చప్పుడును కథలో కలిపేసుకున్నాడు. "కొట్టుకోండి! ఎంతమంది వస్తారో రండి! ఆ తలుపు తెరిచేలోగా ఇక్కడ ఒక్కరు మిగలరు!"

"లోపల పిల్లలెంతమంది?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"ఇద్దరండీ."

లోపల ఫట్‌మని ఒక క్యారెట్ విరిగింది. ఒక క్షణం ఆగి ఇంకొకటి.

టైలరమ్మ టేపును నోట్లో కుక్కుకుంది. "పగలగొట్టు!" అంది ఇన్‌స్పెక్టరమ్మ. మేస్త్రి కమ్మీ ఎత్తాడు గాని, ఎంత ప్రమాదంలోనైనా పనితనం మనిషిని వదలదు. "ఈ తాళం పగలగొట్టక్కర్లేదండీ, తీస్తాను" అంటూ కూర్చుని జేబులోంచి తీగ తీశాడు. ఒక కన్ను తాళం మీద, ఒక కన్ను మెట్ల మీద ఉండడంతో ఒక నిమిషంలో వచ్చే తాళం మూడు నిమిషాలు పట్టింది. ఈలోగా లోపల ఇంకో నాలుగు క్యారెట్లు అయిపోయాయి. తలుపు తెరుచుకునేసరికి, దానికి ఆనుకుని ఉన్న ముగ్గురూ పిడితో సహా లోపల పడ్డారు.

కళ్ళకు గంతలు కట్టిన ఇద్దరు పిల్లలు గోడవారగా కూర్చుని ఉన్నారు. ఒక ముసలాయన చేతులకు బూట్లు తొడుక్కుని, నోట్లో సగం క్యారెట్ పెట్టుకుని ఉన్నాడు. తివాచీ మీద ఒక పెద్దావిడ వెల్లకిలా పడుకుని ఉంది. తలుపు వినపడని బామ్మ, కళ్ళు మూసుకునే తన ఆఖరి మాటలు చెబుతోంది.

"దీపం... ఆర్పకండి... రైలు వస్తోంది... అందులో నావాళ్ళున్నారు... అందరూ ఎవరో ఒకరివాళ్ళే కదా..."

బుడంకాయ ఇసుక డబ్బా ఊపింది. రైలు వచ్చింది. వంతెన మీదుగా క్షేమంగా వెళ్ళిపోయింది. కింద పడ్డవాళ్ళలో ఒక్కరూ లేవలేదు. టైలరమ్మ టేపుతోనే కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు బుడంకాయ గంత వెనక నుంచి అంది: "అంతా బాగుంది తాతయ్యా. కానీ ఆ తలుపు చప్పుడు మాత్రం కుదర్లేదు. అసలు నిజం తలుపులా లేదు."

జిరాక్సు కాగితాలతో కోడలు మెట్లెక్కి వచ్చేసరికి తలుపుకు పిడి లేదు. హాల్లో మేస్త్రి కమ్మీని వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు. టైలరమ్మ జేబుకు చేయి మొలిచిన కోటు చూపిస్తూ తాతయ్యను నిలదీస్తోంది. ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీలో కూర్చుని, మోకాలికి అంటిన దుమ్ము దులుపుకుంటూ ఏదో రాసుకుంటోంది. కోడలి చేతిలోని కాగితాలు మూడేసి కాపీల చొప్పున నేల మీద పరుచుకున్నాయి.

"మావయ్యా... మూడు చప్పుళ్ళని చెప్పాను కదా..."

"మూడూ చేశానమ్మా" అన్నాడు తాతయ్య, నేల చూపులు చూస్తూ. "తరవాత కాస్త టైం మిగిలింది."

ఇన్‌స్పెక్టరమ్మ చేయెత్తింది. అందరూ నోళ్ళు మూశారు. ఆవిడ పెద్దపిల్లను దగ్గరికి పిలిచింది. "నువ్వు చెప్పమ్మా. ఇవాళ నేర్చుకున్నదేమిటి?"

కోడలు కాగితాలు ఏరుతున్నదల్లా తలెత్తింది. బళ్ళో ఇలా ఎవరైనా అడిగితే ఆ పిల్ల గోడకేసి తిరిగేది.

"చప్పుడంటే కదలడమండీ" అంది పెద్దపిల్ల. "రేకు కదిలితే గాలి కదుల్తుంది. గాలి కదిలితే చెవిలో పొర కదుల్తుంది. మా బామ్మకి అక్కడ ఆగిపోతుంది. కానీ చెయ్యి పెడితే చేతిలోంచి వెళ్తుంది. అంటే చెవి పాఠం, చర్మం పాఠం వేరువేరు కావండీ. మా అమ్మ వాటిని రెండు రోజులు పెట్టింది, అది తప్పు." ఇన్‌స్పెక్టరమ్మ చేయి పట్టుకుని లాక్కెళ్ళి రేకు మీద పెట్టింది. "మీరు కూడా వినండి. చెవులు మూసుకోవాలి మరి."

ఒకే చేయి ఖాళీగా ఉండడం వల్ల ఇన్‌స్పెక్టరమ్మ ఒక చెవి మూసుకుంది, రెండోది బుడంకాయ కుర్చీ ఎక్కి మూసింది. తాతయ్య భయంభయంగా చిన్న ఉరుము ఒకటి ఉరిమాడు. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. వెళ్ళి కూర్చుని, ఇంకో రెండు పంక్తులు రాసి, పుస్తకం మూసేసింది.

"ఈ ఇంట్లో సంగతి నాకు పూర్తిగా అర్థమైంది" అంది. "ఇలాంటివాళ్ళిద్దరిని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం న్యాయం కాదు. వచ్చే సోమవారం నుంచి బడికి పంపించండి."

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అలా అనకండి మేడమ్. పెద్దది ఇప్పుడిప్పుడే నోరు విప్పుతోంది. పిల్లల్ని ఇప్పుడు బళ్ళో వేస్తే..."

"పిల్లల్నెవరన్నారమ్మా? వాళ్ళ కాగితాల మీద సంతకం పెట్టేశాను." ఇన్‌స్పెక్టరమ్మ కలంతో తాతయ్యనూ బామ్మనూ చూపించింది. "నేనంటోంది వీళ్ళని. వీధి చివరి బళ్ళో తరగతికి నలభైమంది. పాతికేళ్ళుగా తనిఖీకి వెళ్తున్నాను, టీచరు చెప్పేది వింటున్నవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. ఇక్కడ తలుపవతల నిలబడి ముగ్గురం ఊపిరి బిగపట్టి విన్నాం. వారానికి మూడు రోజులు, పది గంటలకల్లా రావాలి."

"ఏమంటోందే?" అంది బామ్మ. పెద్దపిల్ల ఆవిడ అరచేతిలో వేలితో అక్షరం అక్షరం రాసి చెప్పింది. బామ్మ చదువుకుని, "తొమ్మిదిన్నరకే వస్తాం" అంది గదంతా అదిరేలా.

తాతయ్య మాత్రం రేకు చుట్టచుట్టడం మొదలుపెట్టాడు. ముప్ఫై నాలుగేళ్ళూ ఆయన తలుపు మూసిన గదిలో, మైకు వెనకే పనిచేశాడు. వినేవాళ్ళ ముఖం ఒక్కసారి కూడా చూసి ఎరగడు. నలభైమంది ఎదురుగా, కళ్ళు తెరుచుకుని, ఆయన్నే చూస్తూ కూర్చుంటారన్న ఊహ ఆయనకు అప్పుడే మొదటిసారి తట్టింది.

సోమవారం ఎనిమిదింటికల్లా బామ్మ జడ వేసుకుని, ట్రంకు పెట్టె తుడిపించి, వీధి గుమ్మంలో సిద్ధంగా నిలబడింది. పిల్లలిద్దరూ బల్ల దగ్గర పుస్తకాలు తెరిచి కూర్చున్నారు. కోడలు పెద్దవాళ్ళిద్దరికీ డబ్బాలు సర్ది, నీళ్ళ సీసాలు నింపి, మావయ్యను పిలిచింది.

తాతయ్యకు కడుపునొప్పి వచ్చింది.